సత్తెమ్మ పేరెందుకు రాశావు?

మస్కట్టు నుంచి

చిరంజీవి తమ్ముడు ప్రసాదుకి,

మన వీధికి చేపల గంప తెచ్చే సత్తెమ్మ ప్రాణాల మీదికి తెచ్చినవాడివి నువ్వే. వీరభద్రరావు గారి సంగతి తరవాత చెబుతాను, ముందు నువ్వు. ఈ మాట ఫోన్లో అంటే "అక్కా, సిగ్నల్ రావట్లేదు" అని పెట్టేశావు. వాట్సాప్‌లో రాస్తే మీ గ్రూపులో వేసి పదిమంది చేత నాకు జవాబు చెప్పిస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. మా స్కూల్లో పనిచేసే సామర్లకోట అమ్మాయి సెలవు మీద వస్తోంది. నీ చేతిలోనే పెట్టమని చెప్పాను. కూర్చుని చదువు.

కోపం కోపమే గానీ అడగకుండా ఉండలేను. నువ్వూ, పద్మా, పిల్లలూ ఎలా ఉన్నారు? పద్మ నడుంనొప్పి తగ్గిందా? పెద్దత్తగారికి కంటి ఆపరేషన్ అయిందన్నావు, చుక్కలమందు వేళకి వేస్తున్నారా? నేనిక్కడ బాగానే ఉన్నాను. నిజంగానే బాగున్నాను, నా గురించి బెంగపడకండి. పొద్దున్నే స్కూలు బస్సు ఎక్కేసరికి జాకెట్టు వీపుకి అతుక్కుపోతుంది. క్లాసులోకి వెళితే ఏసీకి వేళ్ళు కొంకర్లు పోతాయి. నాతో గదిలో ఉండే లీలమ్మది కొట్టాయం, మంచి మనిషి. చేపల పులుసులో కొబ్బరిపాలు పోస్తుంది. మొదట్లో అది పులుసే కాదని పోట్లాడాను, ఇప్పుడు నోరు మూసుకుని తింటున్నాను. మన రొయ్యపొట్టు గురించి చెబితే ఒకసారి తినాలంటోంది. ఆ అమ్మాయి తిరిగొచ్చేటప్పుడు కొంచెం గట్టిగా కట్టి పంపించు. సాయంత్రాలు మాత్రం ఏమీ తోచదు. ఇక్కడ సముద్రం ఉంది గానీ మన కాలవలాగా ఇంటి ముందు నుంచి పారే నీళ్ళు లేవు.

ఇక అసలు సంగతి. ఆదివారం ఆదివారం మీ గ్రూపువాళ్ళంతా వీధులు పట్టుకు తిరిగి, పెద్దవాళ్ళని అడిగి ఊరి చరిత్ర పోగుచేస్తుంటే నాకంటే సంతోషించినవాళ్ళు లేరు. చరిత్ర అంటే మేడలు కట్టించినవాళ్ళదే కాదు, మోసినవాళ్ళదీ అని నేను అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాను. మీరు చేసి చూపించారు. కాలవ పక్కన, ఇప్పుడు వీరభద్రరావు గారు కంచె వేసి ప్లాట్లు అమ్ముతున్న దిబ్బ ఒకప్పుడు చేపలు పట్టేవాళ్ళు వలలు ఆరేసుకున్న చోటని బయటికి తీశారు. దాని చివర వాళ్ళు పసిపిల్లల్ని పూడ్చుకునేవారని కూడా బయటికి తీశారు. ఆయన మీ నడకల్లో ముందు వరసలో నిలబడి ఫొటోలు దిగిన మనిషే. అయినా మీరు వెనక్కి తగ్గలేదు, అక్కడిదాకా శభాష్.

కానీ సత్తెమ్మ చేత దిబ్బ కథ చెప్పించి పెట్టిన ఆ వీడియో కింద నువ్వు రాసిందేమిటి? చెప్పినవారు సత్తెమ్మ, రామాలయం వెనక సందు, ఆకుపచ్చ తలుపు ఇల్లు! అదేంట్రా అంటే, "మా పద్ధతక్కా. ఎవరు చెప్పారో, ఎక్కడుంటారో రాయకపోతే పుక్కిటి పురాణం అంటారు" అన్నావు. పద్ధతి! గుడి మీద శిలాశాసనానికి చిరునామా రాస్తే ఎవడూ వెళ్ళి దాన్ని బెదిరించడు. మనిషికి రాస్తే వెళతాడు. వెళ్ళారు.

నేను పిల్లలకి చరిత్రకు ఆధారాలు అనే పాఠం చెబుతున్నాను, సుద్దముక్క చేతిలో ఉంది, ఫోను మోగింది. సత్తెమ్మ కోడలు నూకరత్నం. వరండాలోకి వచ్చి ఎత్తాను.

"అమ్మాయిగారూ, ఇద్దరు మగోళ్ళు మోటారుసైకిలేసుకుని వచ్చారండి. మా అత్తని 'సత్తెమ్మగారూ' అన్నారండి. పుట్టి బుద్ధెరిగాక ఈవిడ్ని ఎవరూ 'గారూ' అన్లేదండి."

"ఏమన్నారు రత్నం? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"'ఫోన్లో విన్నామండి, బాగా చెప్పారండి' అన్నారు. 'పెద్దోరు కదండీ, ఒకటనబోయి ఒకటంటారు. దిబ్బ మీద పిల్లల్నెవర్నీ పెట్టలేదని ఇంకోసారి చెప్పెయ్యండి, ఈడియో మేమే తీసుకుంటాం' అన్నారు. ఎల్తా ఎల్తా, 'మీ అబ్బాయి తెల్లారకుండానే సైకిలు మీద చేపల చెరువుకి ఎల్తాడంటగా, గట్టు మీద దీపాల్లేవండి, జాగర్తండి' అన్నారండి. మంచినీళ్ళు కూడా అడిగి తాగారండి."

మంచినీళ్ళు తాగి వెళ్ళారట! కేకలేస్తే పదిమంది పోగయ్యేవాళ్ళు. అండీ అండీ అంటూ బెదిరిస్తే సాక్ష్యం ఎవరు? నేను క్లాసులోకి తిరిగి వెళ్ళి బోర్డు మీద రాసిన మాట చూసి, దాన్ని పూర్తి చెయ్యలేక, పిల్లల్ని పుస్తకం చదువుకోమన్నాను. ఆ రోజు నుంచి ఇండియా నంబరు కనబడితే చాలు, పాఠం మధ్యలోనైనా వరండాలోకి పరుగెడుతున్నాను. ఆ గట్టు నాకు తెలుసు. ఒకవైపు కాలవ, ఒకవైపు చెరువులు. సైకిలు మనిషి జారిపడ్డాడంటే ఎవరైనా నమ్ముతారు.

నీకు ఫోను చేస్తే ఏమన్నావు? "ఆవిడే ధైర్యంగా చెప్పిందక్కా, మనమెందుకు దాచాలి?" ధైర్యం ఆవిడది, లైకులు మీవి. నీకు జీతం బ్యాంకులో పడుతుంది. వాళ్ళబ్బాయి కూలి చెరువు యజమాని దయమీద ఉంది. నీ ఇంటి తలుపు ఏ రంగో వీడియో కింద ఎవరూ రాయలేదు. ఇప్పుడేమో మీ గ్రూపులో సగంమంది మొత్తం వీడియో తీసేద్దామంటున్నారట, మిగతా సగం ఆమెను స్టేజి ఎక్కించి అందరి ముందూ ఇంకోసారి చెప్పిద్దామంటున్నారట. ఒకళ్ళది పిరికితనం, ఇంకొకళ్ళది పరాయి వీపు మీద శౌర్యం. రెండూ కాని దారి ఒకటుంది. అది మీకు తోచలేదంటే నాకు ఆశ్చర్యంగా ఉంది.

ఆ దిబ్బ సంగతి మనకి తెలియదట్రా? వరద తీశాక పల్లెలో వాంతులూ విరేచనాలూ పట్టుకుని పసివాళ్ళు పోయారని, అందులో సత్తెమ్మ పెద్దకొడుకూ ఉన్నాడని అమ్మ మనకి చెప్పలేదా? పెద్దల అమావాస్య నాడు చేపల గంప మన వీధిలోకి వచ్చేదా ఎప్పుడైనా? "ఇవాళ సత్తెమ్మ రాదు, దిబ్బకి ముద్ద తీసుకెళుతుంది" అని అమ్మ పప్పు పొయ్యి మీద పెట్టేది. అది సాక్ష్యం కాదా? నువ్వు లెక్చరరువి, నేను టీచర్ని. మన నోటితో చెప్పగలిగిన మాట ఆ ముసలామె నోటితోనే ఎందుకు చెప్పించాలి? చెప్పినవారు అని నా పేరు రాయి, నీ పేరు రాయి. వచ్చి మన తలుపు కొట్టనీ. మంచినీళ్ళు మనమిద్దాం.

నిన్న సత్తెమ్మతో మాట్లాడాను. ఈ ఒక్క ఏడూ దిబ్బకి వెళ్ళొద్దన్నాను. ఆ మాట అన్నందుకు సిగ్గుపడుతున్నాను గానీ, భయంతో అన్నాను.

"అదేటమ్మాయిగారూ, అలాగంటారు? ఆడు పాలు తాగే పిల్లోడు. మాయమ్మ రాలేదేటని చూడ్డా? కంచేశారంటే కంచె పక్కనెడతాను. తోస్తే పడతాను. ముసల్దాన్ని, ఎంతలో లేస్తాను!" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆమె వెళుతుంది తమ్ముడూ. ఆపేవాళ్ళు లేరు. అమావాస్య ఎంతో దూరం లేదు. నేనిక్కడ సముద్రం అవతల కూర్చుని క్యాలెండరు చూడ్డానికి భయపడుతున్నాను.

నిన్ను తిట్టానని పద్మ నొచ్చుకుంటుందేమో. నీమీద నమ్మకం లేకపోతే ఇంత రాయను. పెద్దత్తగారికి, బాబాయిగారికి నా నమస్కారాలు చెప్పి, ఈసారి దీవెన నాకు వద్దు, సత్తెమ్మ కొడుక్కి ఇమ్మన్నానని చెప్పు. పిల్లలకి ముద్దులు. ఒంట్లో బాగానే ఉంది, వేళకి తింటున్నాను, మళ్ళీ చెబుతున్నాను.

నీ మేలు కోరే, నీతో పోట్లాడే అక్క
రాజేశ్వరి

నేనడిగేవి ఇవి. బేరాల్లేవు.

వీడియోలో సత్తెమ్మ ముఖం, పేరు, ఇల్లు తీసెయ్యి. ఉత్తరం మడవకముందే తీసెయ్యి.

దిబ్బ కథ మాత్రం తియ్యకు. చెప్పినవారు అన్నచోట నా పేరు, నీ పేరు, మన వీధి, మన తలుపు రంగు రాయి.

ఆమెను ఏ స్టేజీ ఎక్కించకు.

వాళ్ళబ్బాయి పనికి వెళ్ళేటప్పుడు మీలో ఎవరో ఒకరు బండి మీద గట్టు దాటేదాకా తోడు వెళ్ళండి. రోజూ.

అమావాస్య నాడు మీరంతా కంచెదాకా ఆమెకి ముందు నడవండి, వెనక కాదు.

ముద్ద పెట్టేటప్పుడు అందరూ అటు తిరిగి నిలబడండి. ఫోన్లు బయటికి తియ్యొద్దు.

ఆమె ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాక నాకు ఫోను చెయ్యి.