తమ్ముడిని అడిగిన సందేహం

మంగళవారం, తిరుపతి

గుర్రప్పందేల రేట్లు, అంటే ఏ గుర్రం గెలిస్తే రూపాయికి ఎంతొస్తుందో, తెచ్చి చూపే సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలో రాసే పని నాది. పందెం మొదలయ్యేలోపు రేటు ఎందుకు మారుతుందో అర్థం కాక, చిత్తూరులో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు బెంగళూరు రేసుల్లో పందేలు కాయడం మానేసి కుదురుకున్నాడని తెలిసీ చేశాను.

"సూడక్కా, జనం ఏ గుర్రం మీద ఎక్కువ కడితే దాని రేటు పడిపోతాది," అని మొదలుపెట్టి ఆపలేదు. ఇన్నేళ్లలో వాడి గొంతులో అంత హుషారు వినలేదు. నేను రాసుకుంటూనే పోయాను.

"ఆ సాఫ్ట్‌వేర్ ఎప్పుడొస్తాదక్కా? నా ఫోన్‌లో పనిచేస్తాదా?"

ఊరికే అడిగాడేమో అనుకున్నాను.

ఇంతలో వెనకనుంచి మరదలు, "ఎవురితో ఆ గుర్రాల మాటలు?" అంది.

"ఎవురూ లేదులే, ఆఫీసోళ్లు," అని పెట్టేశాడు.

అక్కతో అని చెప్పడానికి ఏమైంది వాడికి?