రాతిబ్ పేరు మీది మెప్పు

అమ్మా లమీస్,

అల్లాహ్ నీకు ఓర్పునివ్వాలి. ప్రతి నమాజులోనూ పోయిన నీ భర్త రాతిబ్ కోసం దువా చేస్తున్నాను.

బొమ్మల పనులిప్పించే ఆ వెబ్‌సైట్ సిరియా వాళ్ళకి పని ఇవ్వదని, రాతిబ్ జోర్డాన్‌లోని మీ ఇర్బిద్ నుంచి తన పేరుతో ఖాతా తెరిచి మా తమ్ముడు నౌరస్‌కి ఇచ్చాడు. ఇక్కడ హమాలో కూర్చుని వీడు ఆరేళ్ళు పుస్తకాలకి అట్టబొమ్మలు గీశాడు. మంచి క్లయింట్లు కుదిరారు. వాళ్ళ మెచ్చుకోళ్ళన్నీ రాతిబ్ పేరు మీదే ఉన్నాయి.

ఇప్పుడు వెబ్‌సైట్ వాళ్ళు రాతిబ్ ముఖం కెమెరాలో చూపించమంటున్నారు. నౌరస్ దారి తోచక, అందరికంటే ఎక్కువ పని ఇచ్చే జర్మనీ ఆవిడకి రాతిబ్ చనిపోయాడని రాశాడు.

"గీసింది నేనేనని రాయకపోయావురా?" అన్నాను.

"రాశానక్కా. చచ్చినవాడి పేరు చెప్పుకుని పని అడుక్కునే దొంగననుకుంది."

మీ మరిదికి అచ్చం అన్న పోలికే, కెమెరా ముందు కూర్చోబెడతానన్నావు. నీ మనసు మంచిది, కానీ వద్దమ్మా. మనం మట్టి ఇచ్చినవాడు బతికున్నాడని చెప్పించలేను. నౌరస్ కూడా సరే, వద్దన్నాడు. కంప్యూటర్ మీద దుప్పటి కప్పేసి, నాతో మూడు రోజులుగా మాట్లాడటం లేదు.

ఆ జర్మనీ ఆవిడ రాతిబ్ కుటుంబానికని పరామర్శ లేఖ పంపింది. టాక్సీ డ్రైవర్ చేతికి ఇచ్చి పంపుతున్నాను. ఇంత ఓపికా, ఇంత చక్కటి చెయ్యీ మరొకరిలో చూడలేదని రాసింది. పిల్లలకి చదివి వినిపించు. అది ఎవరి చెయ్యో చెప్పకు.

మీ వదిన