నాగేందర్ సార్ హస్తవాసి

21 జనవరి 2015, బుధవారం

స్వైన్ ఫ్లూ అని టీవీల రోజూ మొత్తుకుంటున్నరు. మా ఓనర్ నాగేందర్ సార్‌కు గిప్పుడు తెలివొచ్చింది. జడ్చర్ల మొత్తంల మా యూనిఫారాల కుట్టు షెడ్డే ఫస్ట్ రెడీ కావాలంట. చేతులు కడుక్కోండ్రని గోడకు పోస్టర్ అతికిపిచ్చిండు. దాని కింద నల్లా ఉంది, నీళ్లు లెవ్వు. సూపర్‌వైజర్‌ను గదా, పోస్టర్ వంకర పోకుండ చూసుకొమ్మన్నడు.

22 జనవరి

కొత్త రూల్. జరమొస్తే ఫోన్ చేసుడు నడువదంట. షెడ్డుకొచ్చి చూపియ్యాలె. సార్ నొసట చెయ్యి పెట్టి కాలుతాంది అంటేనే లీవు, జీతం కట్ కాదు. థర్మామీటర్ కొందాం సార్ అన్న. వాళ్ల నాయిన ఊళ్ల ఆర్.ఎం.పి. డాక్టరంట, ఆ హస్తవాసి ఈయనకొచ్చిందంట. నాయిన సూదులేసిండు, కొడుకు పోరగాండ్ల నిక్కర్లు కుట్టిపిస్తున్నడు. ఏం వచ్చిందో ఏమో.

మిషన్ మీద కుట్టే నవనీతకు ఆరో నెల. కడుపుతోని ఉన్నోళ్లకు డేంజరని దవాఖానల చెప్పిన్రంట. లీవు అడిగింది. సార్ నొసలు ముట్టి, సల్లగున్నవ్, పోయి కుట్టుకో అన్నడు. మానేస్తే మళ్ల రావద్దన్నడు. దాని మొగుడు ఎల్లేశం కాలిరిగి ఇంట్ల పడున్నడు. ఆ పిల్ల జీతం మీదనే ఇల్లు నడుస్తాంది.

23 జనవరి

పోస్టర్ వంకర పోయింది. గుస్స చేసిండు.

24 జనవరి, శనివారం

గుండీలు కుట్టే నిరోష జరంతోని మహబూబ్‌నగర్ నుంచి బస్సుల నిలబడి వచ్చింది, సార్‌కు చూపిద్దామని. సార్ ఇంక రాలే. నవనీత పక్క మిషన్ కాడ కూసోని దగ్గుకుంట ఎదురుచూసింది. పొద్దెక్కినంక సార్ వచ్చి, చెయ్యి పెట్టి, కాలుతాంది పో అన్నడు. గది మాకు పొద్దుగాలనే తెల్సు. అదే చెయ్యి ప్యాంటుకు తుడుచుకొని నవనీత నొసట పెట్టిండు. గా చెయ్యి నరకాలనిపించింది నాకు.

27 జనవరి, రాత్రి

నిరోషకు స్వైన్ ఫ్లూనే అంట. హైదరాబాద్ తీస్కపోయిన్రు.

సార్ ఇయ్యాల కారు దిగలే. మూతికి దస్తీ కట్టుకొని, అద్దం జరంత దించి మాట్లాడిండు. షెడ్డు బంద్ పెడుదాం, నవనీత సంగతి చూడుండ్రి అన్న. ఆర్డర్ ఉందంట. రేపటి సంది చెయ్యి నన్నే పెట్టుమన్నడు. నేను కాలుతాంది అంటే లీవేనంట, నా మాటంటే ఆయన మాటేనంట. అద్దం ఎక్కిచ్చుకొని పోయిండు. తూ, ఏం మనిషి.

28 జనవరి

దర్వాజ కాడ నిలబడ్డ. ముందు నవనీత వచ్చింది. నొసలు సల్లగుంది. కాలుతాంది, ఇంటికి పో అన్న.

ఎనకొచ్చినోళ్లందరివి ముట్టి చూసిన. అందరివి కాలుతున్నయి.

షెడ్డుకు తాళమేసి నా నొసలు గూడ ముట్టుకున్న. మస్తు కాలుతాంది.