అప్పకి మంజూరైన మంచం

ఉద్దానం

బావమరిది లోకనాథ్‌కి, మీ బావ రిటైర్డ్ హవల్దార్ కూర్మనాథం దీవెనలు.

ఇక్కడ నాను కులాసా. నా ఇంటిది, మీయప్ప కాదు. మీయప్ప కిడ్నీలు రెండూ పని మానీసినాయని టెక్కలి డాక్టరు సెప్పినాడు. వారానికి రెండు మూడుసార్లు రగతం కడగాలట. లేపోతే మనిసి దక్కదని నన్ను బయటికి పిలిసి సెప్పినాడు. ఆ మాట మీయప్పకి సెప్పలేదు. నువ్వు వైద్యశాఖలో నిధుల బిల్లులు రాసే గుమస్తావి కదా, ఏటి సెయ్యాలో కాగితం మీద రాయి. ఫోన్ సెయ్యొద్దు. ఫోన్లో సెప్పింది ఆర్డరు కాదు.

ఇట్లు,
కూర్మనాథం

తా.క.: రగతం ఏ సబ్బుతో కడుగుతారని మీయప్ప అడగతంది. అదీ రాయి.

శ్రీకాకుళం

బావగారికి లోకనాథ్ నమస్కారాలు.

మీ ఉత్తరం చేతిలో పట్టుకునే మా ఆఫీసరు దగ్గరికి వెళ్ళాను. భయపడకండి. పలాస ప్రభుత్వాసుపత్రిలో డయాలసిస్‌కి నిధులొచ్చాయి, కొత్త మెషీన్లు వచ్చాయి. అప్ప పేరు మీద బెడ్ మంజూరైంది. మంగళవారం ఉదయం వెళ్ళండి. పైసా ఇవ్వక్కర్లేదు, ఖర్చంతా ప్రభుత్వానిదే. ఆ మెషీను ఒక్కసారికి డ్రమ్ముడు నీళ్ళు తాగుతుందంటే చూడండి, ఎంత పెద్ద ఏర్పాటో!

మీ
లోకనాథ్

తా.క.: సబ్బు అక్కర్లేదు.

ఉద్దానం

లోకనాథ్‌కి, కోపంగా ఉన్న మీ బావ రాసేది.

ఆర్డరు పెకారం మంగళారం ట్రాక్టరు కట్టించుకుని పలాస ఎల్లినాం. మంచం ఏసుకోడానికి తొట్టిలో గడ్డి పరిసినాను. మెషీను తాగడానికి డ్రమ్ముతో నీళ్ళు పట్టుకెల్లినాను. మన బోరు నీళ్ళు దానికి పడవేమోనని కొబ్బరి బొండాలు కూడా ఏసినాను.

హెలెన్ అని ఒక నర్సమ్మ గుమ్మంలోనే ఆపీసింది. "తాతా, మంచం ఇంటికివ్వరు" అంది.

"మంజూరైంది" అన్నాను.

"ఇక్కడే పడుకోవాలి" అంది.

"మాకు ఇల్లుంది" అన్నాను.

మీయప్ప తొట్టి దిగనేదు. మాటిచ్చి మంచం ఇవ్వని సోట కాలెట్టనని ట్రాక్టరు ఎనక్కి తిప్పించీసింది. సర్కారు పంపిన మంచం మజ్జిలో ఎవులు నొక్కీసినారో నాకు తెలాలి. ఢిల్లీకి రాత్తాను.

కూర్మనాథం

తా.క.: పోనీ బొండాలైనా తీసుకో అంటే, కిడ్నీ పేషెంటు వీటి జోలికే పోకూడదంది. ఉద్దానం బొండానికి ఏటి రోగం?

శ్రీకాకుళం

బావగారికి తల పట్టుకుని కూర్చున్న లోకనాథ్ నమస్కారాలు.

బెడ్ మంజూరంటే మంచం కాదు బావా, వంతు. దయచేసి ఢిల్లీకి రాయకండి. అప్పని ఆసుపత్రి మంచం మీద పడుకోబెట్టి, ఒంట్లో రక్తాన్ని గొట్టంలోంచి బయటికి తీసి, మెషీనులో శుభ్రం చేసి, మళ్ళీ ఒంట్లోకి పంపుతారు. ఒకరి తర్వాత ఒకరికి అదే మెషీను. ఎంతమంది బతుకుతున్నారో దాని మీద! ఆలస్యం చెయ్యకండి.

మీ
లోకనాథ్

తా.క.: కిడ్నీలు పాడైనవాళ్ళకి కొబ్బరినీళ్ళు మంచివి కావు. బొండం తప్పేం లేదు.

ఉద్దానం

లోకనాథ్‌కి, బెంగగా మీ బావ.

నీ ఉత్తరం మీయప్పకి సదివి వినిపించినాను. వినిపించకుండా ఉండాల్సింది. "అందరికీ ఒకే మెషీనైతే ఎవులి రగతం ఎవులికొత్తాదో! అక్కడే కడిగించుకుంటన్న మనూరి సన్యాసయ్య రగతం నా ఒంట్లోకొస్తే నానూ ఆడిలాగ పేకాటకెల్లిపోతానేటి?" అంది. తెల్లారి సూస్తే మనిసి లేదు. భావనపాడులో పినతల్లి కూతురు దేవి ఇంటికెల్లిపోయింది. పాదాలు పొంగిపోయి సెప్పులు పట్టక ఒట్టికాళ్ళతో ఎల్లిందట. మంచుకొండల మీద కాపలా కాసినప్పుడు కూడా నాకింత సలి పుట్టనేదురా.

కూర్మనాథం

తా.క.: సన్యాసయ్యకి కోపమొచ్చింది. తన రగతం మంచిదని ఊరంతా సెప్పుకు తిరగతన్నాడు.

శ్రీకాకుళం

బావా,

రక్తం కడిగే వడపోత గొట్టం ఎవరిది వారికే. దాని మీద పేరు కూడా రాస్తారు. ఎవరి రక్తం వాళ్ళకే వస్తుంది. ఇది అప్పకి చదివి వినిపించండి: అప్పా, అమ్మ పోయినప్పుడు నువ్వున్నావు. నువ్వు పోతే నాకు ఇంకో అమ్మ లేదు. వెళ్ళు.

లోకనాథ్

పలాస

తమ్ముడు లోకనాథ్‌కి, సల్లగుండమని అప్ప బొడ్డమ్మ.

నానే రాత్తన్నాను. మిషన్ బడిలో ఐదు సదివినానని మీ బావ మర్సిపోయినాడు.

భావనపాడులో సేపలు ఎండేసే కళ్ళంలో నిలబడి మీ బావ నీ ఉత్తరం సదివినాడు. ఆకరి మాట కాడికొచ్చి కాగితం దించీసినాడు. మిగతాది నానే లాక్కుని సదువుకున్నాను. అలాగే లేసొచ్చీసినాను.

ముందురోజు మెడ కాడ సన్న గొట్టం ఎట్టినారు. ఇయ్యాల మంచమెక్కినాను. మీ బావ మిలట్రీ కార్డు తీసి సూపించబోతే, "దాచుకో తాతా, ఇది అందరికీ" అంది హెలెనమ్మ. వడపోత గొట్టం నా కళ్ళకాడ ఎట్టి "బొడ్డమ్మ" అని పైకి సదివింది. రేసను కార్డు మీద తప్ప నా పేరు ఎక్కడా సూడనేదు. నా కోసం ఒక వస్తువు మీద రాసినారు!

మెషీను గుయ్యిమని తిరిగింది. నా రగతం ఎర్రటి దారంలాగ ఎల్లడం సూసినాను, ఇంకో గొట్టంలోంచి రావడమూ సూసినాను. ఒంట్లో సముద్రం ఆటూపోటూ ఆడతన్నట్టుంది. బయమెయ్యనేదురా. నోరు తెరిసి అలాగే సూసినాను.

"ఇంత కర్సు ఎవులు పెడతన్నారమ్మా?" అనడిగినాను.

"ప్రభుత్వం, పెద్దమ్మా."

"దానికెక్కడిది?"

"అందరిదీ. మీరు సబ్బు కొంటే అందులో కొంత, ఆయన బీడీకట్ట కొంటే అందులో కొంత."

"అయితే నా సబ్బుతో కూడా ఎవులికో రగతం కడిగినారా?"

హెలెనమ్మ నవ్వనేదు. "కడిగారు పెద్దమ్మా" అంది. ఆ గదిలో మంచాల మీదున్న ముక్కూ మొకం తెలీనోలందర్నీ ఒక్కొక్కల్నే సూసినాను. సేతికి బీపీ పట్టీ కట్టినారు, లేపోతే దండం ఎట్టీదాన్ని.

అప్పుడే దబ్బున సప్పుడైంది. మీ బావ! గొట్టంలో రగతం సూసి నిలువునా పడిపోయినాడు. నా కోసం ఉన్న నర్సమ్మలందరూ ఆయన కాడికి పరిగెట్టినారు. పక్కనున్న కాళీ మంచం మీద పడుకోబెట్టి, పన్లో పనిగా ఆయన రగతమూ పరీచ్చ సేసినారు. ఆయన కిడ్నీలూ నీరసపడతన్నాయట తమ్ముడూ. మొదట్లోనే దొరికింది కాబట్టి మందులూ పత్తెంతో నిలబడతాయని డాక్టరు గట్టిగా సెప్పినాడు. పడిపోకపోతే ఎవులికీ తెలిసీది కాదు. నన్ను బతికించడానికి లాక్కొచ్చినోడు తనూ బతికినాడు.

నువ్వు ఆపీసులో రాసే ఆ బిల్లులు ఎంతెంత మనుసులవుతన్నాయో ఒకపాలొచ్చి సూసెల్లు.

అప్ప

తా.క.: "అన్నేళ్ళు మిలట్రీలో ఉన్నావు, రగతం సూడనేదేటి?" అని ఎక్కిరించినాను. మీ బావ గోడకేసి తిరిగి, "సూసినాను. నీది సూడనేదు" అన్నాడు.