నీ బోల్టు మన బల్ల మీద ఉంది

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నామనే మొదలుపెడుతున్నాను, నువ్వు మాత్రం చివరిదాకా చదువు. నువ్వు గార్డు ఉద్యోగంలో చేరాక తిట్టడానికి మనిషి దొరక్క అమ్మకి పొద్దుపోవడం లేదు.

నీ తుపాకీ బోల్టు పిడి కిందికి దిగడం లేదనీ, అరచేత్తో కొడితేగానీ మూసుకోవడం లేదనీ రాశావు. నూనె వెయ్యమని నీ తోటి గార్డులు అన్నారట. సలహాకి వాళ్ల సొమ్మేం పోయింది? నూనె వెయ్యకు, కొట్టకు.

తుపాకులు బాగుచేసే ఇంట్లో పుట్టినా నీకు ఈ పని ఎన్నడూ పట్టలేదు కాబట్టి చెబుతున్నాను. తూటా వెనక గొట్టాన్ని మూసే కడ్డీయే బోల్టు, దాని ముందు కొసన రెండు చెవులుంటాయి. పిడి పూర్తిగా దించితే అవి తిరిగి లోపలి గాడుల్లో కూర్చుంటాయి. తూటా పేలినప్పుడు వెనక్కి తన్నే బలమంతా ఆపేది ఆ చెవులే. పిడి సగమే దిగితే అవీ సగమే పట్టుకుంటాయి. వాటి వెనక ఉండేది నీ మొహం. ఏ బోల్టునైనా దాని తుపాకీకే వెంట్రుకవాసి తేడా లేకుండా అరగదీసి అమరుస్తారు. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి గనక తుపాకీ మీదా దాని బోల్టు మీదా ఒకే నంబరు కొడతారు.

భుజానికి ఆనే చెక్క పగిలిందని మీవాళ్లు పంపిన తుపాకీ మన షాపుకే వచ్చింది. అందులో ఉన్నది నీ బోల్టు. నువ్వు గొప్పగా రాసిన నీ తుపాకీ నంబరే దాని మీద ఉంది. అందరి బోల్టులూ ఒకే పళ్లెంలో కిరోసిన్ పోసి కడిగానని కూడా రాశావు కదా. అక్కడే తారుమారయ్యాయి, ఇప్పుడు నీ తుపాకీలో ఉన్నది ఇంకొకరిది.

ఆ నంబరు మేము ఆలస్యంగా చూశాం. చెక్క మార్చాక నాన్న తుపాకీని భుజానికి ఆనించి పేల్చి చూశాడు. ఆ తుపాకీకి నీ బోల్టు వదులు. తూటా అడుగు చిట్లి నిప్పులాంటి గాలి వెనక్కి తన్నింది. బోల్టుకి పక్కనుండే చిన్న రంధ్రం కొంత బయటికి వదిలింది గనక మనిషి దక్కాడు. కుడి కన్ను పోయింది, తమ్ముడూ.

"కన్ను సంగతి రాయకే. బోల్టు సంగతి రాస్తే చాలు," అన్నాడు నాన్న.

"ఉత్తినే చెబితే వాడు వింటాడా?" అన్నాను.

గోడవైపు తిరిగాడు. "అయితే రాయి. వాడికి రెండు కళ్లూ ఉండాలి," అన్నాడు.

నీ తుపాకీ వెంటనే పక్కన పెట్టు. మిగతావాళ్లందరినీ నంబర్లు చూసుకోమను. నీ మీద కోపం లేదని రాయలేను. అది నువ్వు ఇంటికొచ్చాక తేల్చుకుందాం. ముందు నువ్వు రావాలి.

ఇట్లు,
నీ జవాబు వచ్చేదాకా నిద్రపట్టని
అక్క