నాలుగో సూది

నల్లపాడు,
జనవరి 9.

అత్తయ్యగారికి,

ఫోనులో చెప్పలేక రాస్తున్నాను. చదివాక నన్ను అల్లుడనుకోవాలో లేదో మీ ఇష్టం.

గీత పోయిన రోజు మీరు ఆసుపత్రి వరండాలో "ఆ సూదులే నా బిడ్డను మింగాయి" అన్నారు. నేను తల వంచుకుని నిలబడ్డాను. జరిగింది వేరు. ఏడో నెలలో గీతకు బీపీ పెరిగింది. ఆపరేషన్ చేసి బిడ్డను వెంటనే బయటికి తీస్తే తల్లికి మంచిదన్నారు డాక్టరుగారు. రెండు రోజులు ఆగితే పన్నెండు గంటలకొకటి చొప్పున నాలుగు హార్మోను సూదులు వేయొచ్చు, బిడ్డ ఊపిరితిత్తులు, పేగులు కాస్త గట్టిపడతాయి, కానీ తల్లి ప్రాణానికి హామీ ఇవ్వలేమన్నారు. గీత ఆగుతానంది.

నేను వద్దన్నాను. అప్పుడు మీ దూడ సంగతి ఎత్తింది. తన పదో ఏట మీ గేదె ఈనితే, మావి పడేదాకా దూడను పొదుగు దగ్గరికి రానివ్వలేదట. ముర్రుపాలన్నీ జున్నుకు పోయాయట. నాలుగో రోజు దూడ విరేచనాలు పారుకుని చచ్చిపోయిందట. తను పశువైద్యం చదివిందీ, ఆరేళ్ళు మేకపిల్లల పేగుల మీద పని చేసిందీ అందుకేనంది.

"కడుపులో చివరి రోజుల్లో ఆ హార్మోను ఊరితేనే పేగు లోపలి పొర పండుతుంది. పచ్చి మిరపకాయ కోసి కల్లంలో పోస్తే ఏమవుతుంది?"

"తాలు. ఎందుకూ పనికిరాదు" అన్నాను.

"మరి?"

సంతకం పెట్టాను.

మూడు సూదులు పడ్డాయి. మధ్యలో "ఇంకెన్ని గంటలు?" అని అడుగుతూనే ఉంది. నాలుగోదానికి గంట ముందు ఫిట్స్ వచ్చాయి. ఆపరేషన్ చేశారు. తెలివొచ్చిన కాసేపట్లోనే నర్సు క్రిస్టీనా చేత ముర్రుపాలు పిండించింది. రెండు చెంచాలు. మా పాప తేజశ్రీకి గొట్టంలో మొదట పోసినవి అవే. మర్నాడు గీత లేదు.

పాపకు పాలు కలుపుతుంటే ఇప్పటికీ వెనక నుంచి అడుగుతుంది, ఇంకెన్ని గంటలని. నేను జవాబు కూడా చెబుతాను.

మూడు నెలలైంది, మీరు పాపను చూడలేదు. తప్పు సూదులది కాదు. సంతకం నాది.

లక్ష్మీకాంత్


నల్లపాడు,
ఫిబ్రవరి 2.

అత్తయ్యగారికి,

నిన్న మీరు దర్శి బస్సెక్కాక ఇల్లంతా ఊరికే తిరిగాను. మీ ముందు అనలేనివి రాస్తున్నాను.

గుమ్మంలో నిలబడి "గేదె ఈనింది. జున్ను తేలేదు బాబూ. దూడకే పట్టించా, మావి పడకముందే" అన్నారు. లోపలికి మాత్రం రాలేదు. అడిగితే చెప్పారు. మొదటి సూదికి ముందు గీత మీకు ఫోన్ చేసిందట, ఆగనా అమ్మా అని. మీరు ఆగమన్నారట.

"తెలిస్తే గడప తొక్కనిస్తారా" అన్నారు.

మీరు సూదులను తిట్టింది ఎందుకో అప్పుడు అర్థమైంది. ఇద్దరం ఒకే మాటను చెరో ఊళ్ళో దాచుకున్నాం.

నేను లోపలికి తీసుకొచ్చాక, పాపకు పాలు పడుతూ, తల ఎత్తకుండా, "మళ్ళీ ఎన్ని గంటలకు?" అని అడిగారు. అచ్చం గీత గొంతు. మూడు గంటలకన్నాను. మీరు గడియారం వైపు చూశారు.

దూడ నిలదొక్కుకున్నాక వచ్చేయండి. ఉయ్యాల పక్కన మీ మంచం వేశాను.

లక్ష్మీకాంత్