మరియమ్మ పీకని మొక్క

నవంబరు, మంగళవారం

చల్లపల్లి దగ్గరి మా ట్రయల్ పొలంలో ఈ రోజు కేళీలు ఏరించాను. అంటే, మా వరి రకానికి భిన్నంగా కనిపించిన ప్రతి మొక్కనూ పీకెయ్యాలి. కూలికొచ్చిన మరియమ్మ ఒకటి వదిలేసింది. చూడగానే కసిరాను.

"ఉప్పునీళ్ళెక్కిన మడిలో ఇదొక్కటే పచ్చగా ఉందండీ మేడంగారూ, పీకబుద్ధి కాలేదు," అంది.

వంగి చూశాను. నిజమే! ల్యాబ్‌లో జన్యువులు మార్చి మార్చి ఆరేళ్ళుగా మేం వెతుకుతున్న, ఉప్పును తట్టుకునే గుణం అది. గింజ గట్టిపడేదాకా ఏదీ తేలదు గానీ, సంతోషం ఆగలేదు.

"రేపు దీన్ని ఏ కంపెనీకో ఇచ్చేస్తే, మేం విత్తనం దాచుకుని చల్లుకోవచ్చాండీ? లేకపోతే ఏటేటా కొనుక్కోవాలా?" అని అడిగింది మరియమ్మ.

 ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నేను ఒక్కసారీ వేసుకోలేదు, సిగ్గేసింది.

ఇంటికొచ్చాక రిజిస్టరు తీశాను. 'గుర్తించినవారు' అన్న గడిలో ఎప్పుడూ నా పేరే రాస్తాను. ఈసారి మరియమ్మ పేరు రాశాను. ఇక ఈ విత్తనం ఎవరికివ్వాలన్నా ముందు ఆవిణ్ణి అడగాలని పక్కనే రాశాను. పైవాళ్ళు ఒప్పుకుంటారో లేదో...

రాసింది కొట్టెయ్యాలంటే వాళ్ళే కొట్టెయ్యాలి. నేను మాత్రం పెన్నుతోనే రాశాను.